కారేదాకా ఆగమనే సలహా

“పైపు బాగుండాదిలే అన్నా, కారినప్పుడు చూద్దాం.” పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు షెడ్లలో కారును సర్వీసుకు ఇచ్చినవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. పైపంటే ఇక్కడ బ్రేకు హోసు. కారు అడుగున ఇనుప గొట్టంలో వచ్చే బ్రేకు ఆయిలును, కదిలే చక్రానికి అందించే నల్ల రబ్బరు పైపు. వేముల మండలంలో అరటి, చీనీ రైతుల ఇళ్ల ముందర కారు ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. ఆ కార్లకు ఇంజన్ ఆయిలు మారుస్తారు, టైర్లు మారుస్తారు, ప్యాడ్లు అరిగితే కొత్తవి వేయిస్తారు. హోసు మాత్రం బండి కొన్ననాటిదే. అది కారేదాకా దాని జోలికి పోకూడదని యజమానికీ మెకానిక్కుకూ మధ్య ఒప్పందం కుదిరినట్టే నడుస్తోంది. ఈ పద్ధతి తప్పు. హోసు చెడిపోతే కారి తెలుస్తుందనుకోవడం అందులో మొదటి తప్పు. కారాక తీరిగ్గా షెడ్డుకు పోవచ్చుననుకోవడం రెండో తప్పు.

ఈ పైపు ఎంత ఒత్తిడి మోస్తుందో తెలిస్తే ఎవరూ దాన్ని అంత తేలిగ్గా తీసుకోరు. లోపలి రంధ్రం ఇంచుమించు 3 మిల్లీమీటర్లు. బండిని మామూలుగా నిదానం చేసేటప్పుడు అందులో ఒత్తిడి 20, 30 బార్లు ఉంటుంది. గొర్రెల మంద అడ్డమొచ్చి బలంగా తొక్కితే 100 బార్ల దగ్గరికి పోతుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండున్నర బార్లకు మించదు. టైరు కాస్త మెత్తబడితే బండి పక్కకు తీసి దిగి చూసుకునే మనం, దానికి నలభై రెట్ల ఒత్తిడి భరించే రబ్బరును ఏళ్ల తరబడి తొంగి చూడం. పైగా ఇనుప పైపులాగా ఇది కదలకుండా ఉండేది కాదు. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ముందు హోసు వంగుతుంది. గుంతలో చక్రం దిగిన ప్రతిసారీ సాగుతుంది, లేచిన ప్రతిసారీ ముడుచుకుంటుంది. లోపల ఒక రబ్బరు పొర, దానిమీద గట్టి దారపు అల్లిక, ఆపైన మళ్లీ రబ్బరు, రెండు కొసల్లో నొక్కి బిగించిన లోహపు మూతులు. ఇదీ దాని నిర్మాణం. ఒత్తిడికి ఓర్చుకునేది నడిమి అల్లిక. అది కంటికి కనపడదు. కనపడేది దానికి తొడిగిన కోటు మాత్రమే. “పైపు బాగుండాది” అని మనం సర్టిఫికెట్ ఇస్తున్నది ఆ కోటుకు.

కారితే తెలుస్తుంది కదా అనే వాదనకు వద్దాం. హోసు చెడడానికి కారడం ఒక్కటే దారి కాదు. పై రబ్బరు ఎండి బీటలు వారవచ్చు. లోపలి పొర చిల్లుపడి ఆయిలు అల్లికలోకి ఊరితే, బ్రేకు తొక్కినప్పుడు అక్కడ బుడగలాగా ఉబ్బి, కాలు తీయగానే మామూలైపోతుంది. ఆగి ఉన్న బండి కింద ఎంతసేపు వెతికినా ఆ ఉబ్బు కనిపించదు. వీటన్నిటికన్నా మోసకారి, లోపలి పొర వాచి, ఊడి, దారికి అడ్డం పడడం. కాలితో తొక్కినప్పుడు వచ్చే ఒత్తిడికి ఆయిలు ఆ అడ్డును తోసుకుని చక్రం వైపు పోతుంది. తిరిగి రావడానికి మాత్రం దాన్ని తోసేది ఏదీ ఉండదు. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లో పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు కొద్దిగా వెనక్కి లాగుతుంది, అంతే. ఆ లాగుడు చాలదు. బ్రేకు పట్టినది పట్టినట్టే ఉండిపోతుంది. బయటికి ఒక్క చుక్క కారదు, పైన డబ్బాలో ఆయిలు గీత తగ్గదు.

దీని ఆనవాళ్లు షెడ్లకు తెలియనివి కావు. ఒకవైపు ప్యాడ్లు రెండోవైపు కంటే ముందే అరిగిపోతాయి. దూరం పోయి ఆపితే ఒక చక్రం దగ్గర కాలిన వాసన. స్టీరింగు ఒకవైపు లాగుతుంది, మైలేజీ పడిపోతుంది. మొదటిసారి ప్యాడ్లు మారుస్తారు. రెండోసారి క్యాలిపర్ విప్పి గ్రీసు పెడతారు. మూడోసారి “క్యాలిపర్ పోయింది సార్” అంటారు. వేల రూపాయలు పోసి కొత్త క్యాలిపర్ వేయించాక కూడా కొన్నాళ్లకు అదే చక్రం మళ్లీ కాలుతుంది. అన్ని రోజులూ దోషి కళ్ల ముందే వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఎవరూ అనుమానించరు, ఎందుకంటే అది కారడం లేదు.

పట్టుకోవడానికి కంప్యూటరేమీ అక్కర్లేదు. జాకీ మీద చక్రం లేపి, కింద స్టాండు పెట్టి, బ్రేకు రెండుసార్లు గట్టిగా తొక్కి వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. తిరగకపోతే క్యాలిపర్ మీద ఎయిర్ తీసే నిప్పుల్‌ను కొంచెం వదులు చేయాలి. ఆయిలు చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి అక్కడ చిక్కుకుని ఉందన్నమాట. నిప్పుల్ బిగించి, మళ్లీ తొక్కి వదిలి, ఈసారి హోసు పై కొసలో ఇనుప పైపు కలిసే నట్టును వదులు చేయాలి. అక్కడ విప్పినా చక్రం వదలకపోతే దోషం హోసులోనే ఉంది. వదిలితే హోసు తప్పు లేదు, పైన బ్రేకు పెడల్ తోసే మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి. రెండు చోట్లా విప్పినా బిగిసే ఉంటే, అప్పుడు క్యాలిపర్‌ను అనుమానించాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా క్యాలిపర్ ధర చెప్పే షెడ్డును యజమాని ప్రశ్నించాలి. నమ్మకం కుదరనివాళ్లు మార్చేసిన పాత హోసును ఇప్పించుకుని బ్లేడుతో నిలువుగా చీల్చి చూడండి. పైన నల్లగా నున్నగా ఉన్న పైపులోనే లోపలి రబ్బరు జిగటగా, పేలికలుగా ఊడి వస్తుంది.

కారితే తెలుస్తుందనే మాట మీద మన ప్రాంతంలో ఇంత నమ్మకం ఉండడానికి నాకు తోచే కారణం లారీలు. ముగ్గురాయి, నాపరాయి, సిమెంటు మోసే లారీల నేల ఇది. బండ్ల గురించి ఇక్కడి తెలివిడిలో చాలా భాగం లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నదే. లారీకి ఉండేది గాలి బ్రేకు. పైపు లీకైతే బుస్సుమని వినిపిస్తుంది, మీటర్లో ముల్లు పడిపోతుంది. గాలి మరీ తగ్గితే ఇప్పటి లారీల్లో స్ప్రింగు బ్రేకు తనంతట తానే పట్టుకుని బండి నిలబడిపోతుంది. కాబట్టి పైపు పోతే బండి చెబుతుంది, ఆగుతుంది అనే అనుభవం లారీ విషయంలో నిజం. కారులో అలా ఉండదు. అక్కడ గాలి పోతే లారీ కదలదు, ఇక్కడ ఆయిలు పోతే కారు ఆగదు. ఆ అనుభవాన్ని ఈ బండికి తగిలించడం ప్రమాదం.

“కంపెనీ పైపు, బండి ఉన్నన్నాళ్లూ ఉంటాది” అనేవాళ్లు ఇంకొందరు. కంపెనీ పైపు మంచిదే, కాదనను. మన కేంద్ర మోటారు వాహన నియమాలు కూడా బ్రేకు హోసును ప్రమాణం ఉండాల్సిన భాగాల్లోనే చేర్చాయి. దానికి ఐఎస్ 7079 అనే భారతీయ ప్రమాణం ఉంది. అమెరికా ప్రమాణంలోనైతే హోసును యంత్రానికి బిగించి 35 గంటలు ఆపకుండా విదిలిస్తారు, పగలకూడదు. ఈ పరీక్షలన్నీ కొత్త పైపుకు జరిగేవి. పదేళ్ల ఎండ తిన్న పైపుకు కావు. ఇక కంపెనీ బిగించింది కాబట్టి పోదనే ధీమాకు ఫోర్డ్ సంస్థ అనుభవం చాలు. ముందు బ్రేకు హోసులు పగిలి ఆయిలు కారే ప్రమాదం ఉందని ఆ సంస్థ అమెరికాలో 2020లో ఎడ్జ్, లింకన్ ఎంకేఎక్స్ కార్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. 2023లో ఫ్యూజన్, లింకన్ ఎంకేజెడ్ కార్లను మరో పన్నెండు లక్షలకు పైగా పిలిచింది. అవి మన రోడ్ల మీద తిరిగే కార్లు కావు. కానీ అవన్నీ కంపెనీలో బిగించిన పైపులే. 2020లో పిలిచినవి అప్పటికి రెండు నుంచి ఐదేళ్లు నడిచిన కార్లు.

ఇక మన ఎండ, మన రోడ్డు, మన అలవాట్లు. వేసవిలో కడప జిల్లాలో 45 డిగ్రీలు తాకడం వింత కాదు. ఆ ఎండలో రోజంతా నిలబడిన కారు కింద తారు సెగ, నడిచేటప్పుడు బ్రేకు డిస్కు సెగ కలిసి రబ్బరును ఎండబెడతాయి. తోటల బాటల్లో రాళ్లు ఎగిరి తగులుతాయి. నూర్పిళ్ల కాలంలో రోడ్డు మీద పరిచిన కందికట్టె మీదుగా పోయిన కారు అడుగున ఆ కట్టె చుట్టుకుని పైపుల్ని రాసుకుంటూనే ఉంటుంది. ఇవన్నీ తప్పించుకోలేనివి. తప్పించుకోదగినది, మనమే డబ్బిచ్చి చేయించుకుంటున్నది ఇంకొకటుంది. వాటర్ సర్వీసు అయ్యాక తుప్పు పట్టకూడదని బండి అడుగంతా డీజిలో, పాత ఇంజన్ ఆయిలు కలిపిన డీజిలో స్ప్రే కొట్టడం. ఇనుముకు అది మంచిదే కావచ్చు. బ్రేకు హోసును మాత్రం ఎక్కువగా చేసేది ఈపీడీఎం అనే రబ్బరుతో. బ్రేకు ఆయిలుకు ఆ రబ్బరు చక్కగా ఓర్చుకుంటుంది, ఎండకూ ఓర్చుకుంటుంది. పెట్రోలు, డీజిలు, ఇంజన్ ఆయిలు జాతి నూనెలు తగిలితే మాత్రం వాచి మెత్తబడుతుంది. అడుగంతా నిగనిగలాడుతోందని మురిసిపోతూ మనం ప్రతి సర్వీసుకూ హోసు మీద దాని విరోధిని పూస్తున్నాం. ఈ అలవాటును ఇవాళే మానేయాలి. కొట్టించక తప్పదనుకునేవాళ్లు కనీసం చక్రాల దగ్గర, పైపుల దగ్గర కొట్టొద్దని నిలబడి చెప్పండి.

షెడ్డు లోపల జరిగేవీ చెప్పాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు విప్పిన క్యాలిపర్‌ను హోసుకే వేలాడదీస్తారు. అంత బరువు మోయడానికి ఆ పైపును చేయలేదు. ఒక కమ్మీతోనో తాడుతోనో స్ప్రింగుకు కట్టేస్తే సరిపోతుంది. ఆయిలు కారిపోకుండా పట్టకారుతో హోసును నొక్కిపెట్టి పని చేసుకుంటారు. పైన గుర్తు కూడా మిగలదు గానీ లోపలి పొర అక్కడే నలిగి, తర్వాత ఊడి దారికి అడ్డం పడవచ్చు. బ్రేకు ఆయిలు తగ్గితే చేతికందిన ఏదో ఆయిలు పోయడం వీటన్నిటికంటే ఘోరం. కొద్దిపాటి ఇంజన్ ఆయిలు చాలు, మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా ఉన్న రబ్బరంతా వాచిపోవడానికి.

మెకానిక్కును ఒక్కణ్నే తప్పు పట్టడం న్యాయం కాదు. అతను హోసు జోలికి పోకపోవడానికి అసలు భయం వేరే ఉంది. హోసు పైకొస ఇనుప పైపుకు ఒక చిన్న నట్టుతో బిగించి ఉంటుంది. ఏళ్ల తరబడి విప్పని ఆ నట్టు తుప్పుతో పట్టేసి ఉంటుంది. మామూలు పానా వేసి బలం పెడితే దాని మూలలు అరిగిపోతాయి, లేకపోతే ఇనుప పైపే మెలి తిరిగి తెగుతుంది. అప్పుడు కొత్త ఇనుప పైపు ఖర్చు ఎవరిదనే తగాదా. “బాగున్నదాన్ని చెడగొట్టినావే” అని యజమాని మీద పడతాడు. ఆ మాట పడడం ఇష్టం లేకనే “పైపు బాగుండాదిలే అన్నా” అనే మాట పుట్టింది. ముందు రోజే తుప్పు వదిలించే ఆయిలు నట్టుకు కొట్టి నాననివ్వాలి, అది పక్కనున్న రబ్బరు మీద పడకుండా గుడ్డ చుట్టాలి. నట్టును అన్ని వైపులా చుట్టి పట్టుకునే బ్రేకు పైపు పానా వాడాలి. ఇనుప పైపు తెగితే ఆ ఖర్చు తనదేనని యజమాని ముందే ఒప్పుకోవాలి. అంత తుప్పు పట్టిన పైపు ఇవాళ షెడ్డులో తెగడమే అతనికి మేలు.

“మాది తక్కువ తిరిగిన బండి, నెలకోసారి పెండ్లికో తిరునాళ్లకో తీస్తాం” అనేవాళ్లకు ఒక మాట. ప్యాడు కిలోమీటర్లకు అరుగుతుంది. రబ్బరు ఏళ్లకు ముసలిదవుతుంది. బెంగుళూరు నుంచో హైదరాబాదు నుంచో “సింగిల్ ఓనర్, నలభై వేలే తిరిగింది” అని కొన్న పన్నెండేళ్ల కారుకు హోసు వయసు కూడా పన్నెండే. మీటరు చూసి కొంటాం, పెయింటు చూసి కొంటాం. స్టీరింగు ఒకవైపు పూర్తిగా తిప్పి టార్చి వేసి హోసును చూసి కొన్నవాళ్లు ఎంతమంది?

కాస్త చదువుకున్నవాళ్లు ఇంకో వాదన తెస్తారు. ఇప్పటి కార్లలో బ్రేకు రెండు సర్క్యూట్లుగా ఉంటుంది, ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది కదా అని. నిజమే, ఉంటుంది. చాలా చిన్న కార్లలో ఒక ముందు చక్రం, దానికి ఎదురుమూల వెనక చక్రం ఒక జత. ఒక హోసు పగిలితే ఆ జత పోయి సగం బ్రేకు మిగులుతుంది. ఆ సగం లెక్క చూద్దాం. 80 కిలోమీటర్ల వేగంలో మంచి టైర్లు, మంచి బ్రేకులు ఉన్న కారు పొడి రోడ్డు మీద తొక్కినచోటి నుంచి 30 మీటర్ల పైచిలుకు దూరంలో ఆగుతుంది. సగం బ్రేకుతో అది 60 మీటర్లు దాటుతుంది. కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక్క సెకను పట్టినా అప్పటికే 22 మీటర్లు పోయి ఉంటాం. పైగా పెడల్ ఎప్పుడూ ఆగేచోట ఆగకుండా లోపలికి దిగిపోతుంది. బెదిరిన మనిషి కాలు తీసి మళ్లీ తొక్కుతాడు, అందులో ఇంకొంత దూరం పోతుంది. వేముల నుంచి పులివెందులకు పోయే దారిలో అరటి గెలల ట్రాక్టరు సందు రోడ్డు నుంచి ఒక్కసారిగా బయటికొస్తే ఆ అదనపు 30 మీటర్లు ఎవరిస్తారు? రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువులో పాలకోవ కొనుక్కుని కడప వైపు ఘాటు దిగేటప్పుడు, తిరుమలలో దర్శనం చేసుకుని 1944 నాటి మొదటి ఘాటు రోడ్డు మీదుగా కిందికి వచ్చేటప్పుడు ప్రతి మలుపులోనూ కావలసింది పూర్తి బ్రేకు. రెండో సర్క్యూట్ ఉన్నది ప్రమాదంలో ప్రాణం మిగలడానికి. దాన్ని చూపించి నిర్వహణ మానేయమని దాని రూపకర్తలు ఎవరూ చెప్పలేదు.

ప్రభుత్వం చూసుకుంటుంది కదా అనుకునేవాళ్లూ ఉన్నారు. చూడదు. అద్దె బండ్లకు, లారీలకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ తప్పనిసరి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ పదిహేనేళ్లలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు దాని బ్రేకు తొక్కి చూడాల్సిన పని చట్టంలో లేదు. ఇంగ్లండులో మూడేళ్లు దాటిన కారుకు ఏటా పరీక్ష ఉంది. అందులో తొక్కినప్పుడు హోసు ఉబ్బినా, మెలి తిరిగి ఉన్నా, బాగా దెబ్బతిన్నా బండి ఫెయిలవుతుంది. మన దగ్గర ఆ భారమంతా కారు యజమాని నెత్తిన ఉంది, ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. కారుతో ఇచ్చే పుస్తకంలో సర్వీసు పట్టిక తీసి చూడండి, బ్రేకు హోసులు, పైపులు పరీక్షించాలని ఒక వరుస ఉంటుంది. ఆ వరుసకు ఎదురుగా టిక్కు పెట్టడమే జరుగుతోందో, చక్రం విప్పి చూడడమే జరుగుతోందో అడిగి తెలుసుకోవడం మన హక్కు.

చూడడమంటే ఇలా. స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి ముందు హోసును టార్చి వెలుగులో మూతి నుంచి మూతి దాకా చూడాలి. చేత్తో వంచితే సన్న బీటలు నోరు తెరుస్తాయి. మూతుల దగ్గర తడి, టైరుకో స్ప్రింగుకో రాసుకున్న గుర్తు, వేలితో నొక్కితే ఒకచోట మెత్తగా ఒకచోట గట్టిగా ఉండడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ హోసు పని అయిపోయినట్టే. తర్వాత ఇంజన్ ఆన్ చేసి ఒకరు బ్రేకు గట్టిగా తొక్కిపెడితే ఇంకొకరు ఉబ్బు కోసం చూడాలి. వెనక హోసులనూ మరిచిపోకూడదు, వాటి మొహం చూసేవాడే ఉండడు. ఇవేవీ కనిపించకపోయినా, ఆరేడేళ్లు దాటిన హోసును మన ఎండల్లో ఇంకా ఉంచుకోవాలంటే గట్టి కారణం కావాలనేది నా అభిప్రాయం. దీన్ని అడ్డం పెట్టుకుని ప్రతి బండికీ స్టీలు అల్లిక హోసులు అంటగట్టేవాళ్ల మాటా నమ్మనక్కర్లేదు. మామూలు కారుకు సరైన కంపెనీ హోసు చాలు.

మార్చేటప్పుడు ముందు రెండూ ఒకేసారి మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బ్రేకు ఒకవైపు లాగవచ్చు. పైగా అదే ఎండ తిన్న రెండోది ఎన్నాళ్లో నిలవదు. క్యాలిపర్ దగ్గర బోల్టుకు రెండువైపులా ఉండే రాగి వాషర్లు కొత్తవే వేయాలి. హోసు పొడవునా గీతలుంటే బిగించాక ఆ గీతలు తిన్నగా ఉండాలి. మెలి తిరిగితే విప్పి మళ్లీ బిగించాల్సిందే. స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూశాకే చక్రం ఎక్కించాలి. డబ్బా మూత మీద రాసి ఉన్న రకం ఆయిలు, సీలు విప్పనిది, పోసి నాలుగు చక్రాల్లో ఎయిర్ తీయించాలి. ఆ ఆయిలు గాలిలో తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగవచ్చు. షెడ్డులో మూత తీసి ఉన్న డబ్బా వద్దనండి. చిన్న కార్లకు ముందు హోసు ఒక్కొక్కటి కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కూలీ, ఆయిలు, వాషర్లు అన్నీ కలిపినా ఒక కొత్త క్యాలిపర్ ఖర్చు కన్నా ఎక్కువ కాకపోవచ్చు. ప్యాడ్లు మార్చడానికి చక్రాలు ఎలాగూ విప్పుతారు, ఈ పని ఆ రోజే చేయించండి.